బోరుకొచ్చిందని ఇంజన్ దించే ముందు ఏ సిలిండరో తేల్చుకోండి

మీ ప్రశ్న సారాంశం ఇది. 2009 మోడల్ బొలెరో పికప్, 2.5 డీఐ (డీజిల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) ఇంజన్. పొద్దున్నే నాలుగైదు సార్లు సెల్ఫ్ కొడితేగాని అందుకోదు. అందుకున్నాక కాసేపు తెల్ల పొగ, ఐడిల్‌లో బండంతా వణుకు, వేడెక్కాక కొంత నయం. మైలవరం నుంచి గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు వేసుకెళ్తుంటే కనకదుర్గ వారధి ఎక్కేటప్పుడే గేరు దించాల్సి వస్తోంది. విజయవాడ ఆటోనగర్‌లో చూపిస్తే ఆయిల్ మూత తీసి, లోపలి నుంచి వచ్చే పొగ చూసి, “బోరుకొచ్చింది, ఇంజన్ దించాలి” అన్నారు, అంటే సిలిండర్ లోపలి గోడ అరిగిందని. దించాలా వద్దా?

ఇప్పుడే వద్దు. బోరు అరుగుదల మామూలుగా నాలుగు సిలిండర్లలోనూ కాస్త అటూఇటుగా కలిసే వస్తుంది. అలాంటి ఇంజన్ ఆయిల్ తాగుతుంది, పొగ వదులుతుంది, లాగదు, కానీ తిరగడం మాత్రం దాదాపు సమానంగానే తిరుగుతుంది. మీ బండి వణుకుతోందంటే ఒకటో రెండో సిలిండర్లు మిగతావాటికంటే బాగా వెనకబడ్డాయని అర్థం. అది ఏ సిలిండరు, దానిలో గాలి నిలవడం లేదా, డీజిల్ సరిగా పడటం లేదా అన్నది తేలాకే పాన పట్టాలి. వాల్వు సీటింగ్‌తో (వాల్వును సీటు మీద సరిగా కూర్చోబెట్టడం) పోయే పనికి లైనర్లు (సిలిండర్ లోపలి తొడుగులు), పిస్టన్లు మార్పించుకున్న బండ్లు మన దగ్గర తక్కువేం లేవు.

మొదట బ్యాటరీ చూడండి. ఇది చాలామంది వదిలేసే సంగతి. డీజిల్ మండేది గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడితోనే. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే ఆ వేడి సిలిండర్ గోడల్లోకి పోతుంది, గాలి కూడా పిస్టన్ రింగుల పక్కనుంచి జారిపోయే సమయం దొరుకుతుంది. రాత్రంతా ఆగిన బండికి బ్యాటరీ 12.4 వోల్టులకు తగ్గకూడదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కన్నా కిందికి పడకూడదు. పడితే బ్యాటరీ, ఎర్త్ కేబుల్, సెల్ఫ్ మోటారు బ్రష్‌లు ముందు సరిచేయించండి. ఇంజన్‌నుంచి ఛాసిస్‌కి వెళ్లే ఎర్త్ తీగ తుప్పు పట్టి, మంచి బ్యాటరీని కూడా చెడ్డదానిలా చూపిస్తుంది.

తర్వాత డీజిల్ లైన్. ఫిల్టర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి ఒక గ్లాసులోకి పట్టండి. అడుగున నీళ్లు తేరితే ఫిల్టర్ మార్చి ట్యాంకు కడిగించాలి. రిటర్న్ లైన్‌లో జానెడు పారదర్శక పైపు తగిలించి ఇంజన్ నడిపితే గాలి బుడగలు కంటికే కనిపిస్తాయి. డీజిల్‌లో దూరిన గాలి వల్ల వచ్చే మిస్సింగ్‌కూ (సిలిండర్ సరిగా మండకపోవడం), కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) తగ్గి వచ్చే మిస్సింగ్‌కూ ఒక తేడా ఉంది. గాలిది ఒకచోట ఉండదు, ఇప్పుడొక సిలిండర్, ఇంకాసేపటికి ఇంకొకటి, రేస్ చేస్తే ఒక్కోసారి ఆగిపోతుంది. కంప్రెషన్‌ది ఎప్పుడూ ఒకే సిలిండర్, ఒకే లయ.

ఆ సిలిండర్‌ను పట్టుకోవడానికి ఐడిల్‌లో నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) దగ్గరున్న హై ప్రెజర్ పైపు యూనియన్ నట్‌ను ఒక్కొక్కటిగా వదులు చేయాలి. అరచుట్టు నుంచి ఒక చుట్టు చాలు. మంచి సిలిండర్ నట్ వదిలితే ఇంజన్ చప్పుడు వెంటనే మారి, ఇంకా ఎక్కువగా వణుకుతుంది. పనిచేయని సిలిండర్ నట్ వదిలితే ఏ మార్పూ ఉండదు. కళ్లద్దాలు, చేతులకు మందపాటి గ్లౌజులు, నట్ మీద ఒక గుడ్డ తప్పనిసరి, పైపు చివర వేలు పెట్టకూడదు. ఇది మీలాంటి మెకానికల్ పంపు బండ్లకు మాత్రమే. తర్వాత వచ్చిన కామన్ రైల్ (నాజిళ్లన్నిటికీ ఒకే పైపులో ప్రెజర్ నిలిపి ఉంచే) బండ్లలో ఈ పని ఎట్టిపరిస్థితుల్లోనూ చేయొద్దు. ఆ రైల్లో ప్రెజర్ వెయ్యి బార్ దాటుతుంది, ఆ ధార చర్మంలోంచి లోపలికి దిగుతుంది, బయటికి సూది గుచ్చినట్టు చిన్న చుక్కే కనిపించినా అది ఆపరేషన్ దాకా వెళ్లే గాయం. ఆ బండ్లకు స్కానర్ పెట్టి సిలిండర్ బ్యాలెన్స్ చూడాలి.

మూడో సిలిండర్ దొరికిందనుకుందాం. ఇప్పుడు మూడో నాజిల్, నాలుగో నాజిల్ అటూఇటూ మార్చండి. కొత్త కాపర్ వాషర్లు వేయకుండా మాత్రం బిగించొద్దు, పాతవి ఒకసారి నలిగిపోయాక మళ్లీ సీల్ కావు. మార్చాక మిస్సింగ్ నాలుగుకి వెళ్తే దోషం నాజిల్‌దే. పంప్ సెంటర్‌లో దాన్ని టెస్టింగ్ స్టాండు మీద పెట్టించండి. తెరుచుకునే ప్రెజర్‌కన్నా 20 బార్ తక్కువలో 10 సెకన్లు పట్టి ఉంచితే మొన దగ్గర చుక్క రాలకూడదు. రాలే నాజిల్‌ని “ఇంకొన్నాళ్లు నడుస్తుంది” అని వదిలేయడం ఖరీదైన పొదుపు. ఆ కారే డీజిల్ బోరు గోడ మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, రింగులు ఎండుగా రాసుకుంటాయి, చివరికి పిస్టన్ పైభాగం కరుగుతుంది. ఇవాళ నాజిల్ పని, రేపు నిజంగానే బోరు పని. మిస్సింగ్ మూడులోనే ఉండిపోతే నాజిల్ నిర్దోషి. ఆ సిలిండర్‌లో గాలి నిలవడం లేదు, లేదా పంపు ఆ లైన్‌కు తక్కువ ఇస్తోంది. రెండోది అరుదు.

నాజిల్ తీసేటప్పుడు దాని చుట్టూ చూడండి. నల్లగా, తారులాంటి మసి గట్టిపడి ఉంటే కాపర్ వాషర్ దగ్గర గ్యాస్ తప్పించుకుంటోంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు సబ్బు నీళ్లు వేస్తే బుడగలొస్తాయి. ఇది కూడా కంప్రెషన్ లీకే. ఒక వాషర్‌తో, నాజిల్ కూర్చునే చోటు శుభ్రం చేయడంతో పోయేది.

కంప్రెషన్ గేజ్ పెట్టే ముందు ట్యాపెట్లు, అంటే వాల్వుల సందులు. కంప్రెషన్ పడిపోవడానికి అన్నిటికంటే చవకైన కారణం ఇదే, అందుకే మొదట దీన్ని కొట్టేయాలి. వాల్వు సీటు మీద కొట్టుకుని కొట్టుకుని లోపలికి దిగుతుంది, దాంతో రాకర్‌కూ (వాల్వును నొక్కే చేయి) వాల్వు కొనకూ మధ్య సందు తగ్గుతూ వస్తుంది. సందు పూర్తిగా పోతే వాల్వు మూతపడదు, గాలి జారిపోతుంది, మండే గ్యాస్ ఆ సందులోంచి దూసుకెళ్లి ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. టక్ టక్ మనే ట్యాపెట్ గురించి అందరూ కంగారు పడతారు. అసలు భయపడాల్సింది చప్పుడే చేయని ట్యాపెట్‌కి.

సెట్టింగ్‌కి సులువైన పద్ధతి ఉంది. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. నాలుగో సిలిండర్ వాల్వులు రెండూ కలిసి కదులుతున్న చోట, అంటే ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్లెట్ తెరుచుకుంటున్న చోట, ఇంజన్ ఆపి ఒకటో సిలిండర్ సెట్ చేయాలి. రెండోది అలా కదులుతుంటే మూడు, ఒకటోది కదులుతుంటే నాలుగు, మూడోది కదులుతుంటే రెండు. ఎంత సందు ఉండాలో, చల్లటి ఇంజన్ మీద చూడాలో వేడి మీద చూడాలో మీ ఇంజన్ పుస్తకంలో ఉంటుంది. దాన్నే పాటించండి, “అన్నిటికీ 12 థౌ పెట్టేస్తాం” అనే మాటను కాదు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). రాకర్ కొనలో గుంట పడి ఉంటే ఫిల్లర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకు) ఆ గుంటను దాటి కొలవలేదు, సందు నిజానికి ఎక్కువుంటుంది. ఏ ట్యాపెట్‌కి ఎంత సందు దొరికిందో సరిచేసే ముందే రాసుకోండి. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్‌కి సందే లేదని తేలితే సగం రోగనిర్ధారణ అక్కడే అయిపోయింది.

ఇప్పుడు గేజ్. పెట్రోలు బండ్లకు వాడే 300 పీఎస్‌ఐ (ప్రెజర్ కొలత) గేజ్ డీజిల్‌కి పెడితే ముల్లు అటు చివరకు కొట్టుకుని గేజ్ పాడవుతుంది. వెయ్యి పీఎస్‌ఐ దాకా చూపే డీజిల్ గేజ్ కావాలి, మీ నాజిల్ రంధ్రానికి సరిపోయే డమ్మీ అడాప్టర్‌తో. అడాప్టర్‌లో గాలిని వెనక్కి రానివ్వని చిన్న వాల్వు ఇంజన్ వైపు చివరన ఉండాలి. ఎందుకో లెక్క చూడండి. 2523 సీసీ ఇంజన్‌లో ఒక సిలిండర్ 631 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 18:1 అనుకుంటే పిస్టన్ పైకొచ్చాక మిగిలే ఖాళీ 37 సీసీ మాత్రమే. వాల్వు గేజ్ వైపు ఉండి, మధ్యలో పైపు ఇంకో 10 సీసీ కలిపితే ఆరోగ్యంగా ఉన్న సిలిండర్ కూడా జబ్బుపడినట్టు చూపిస్తుంది.

ఇంజన్‌ను బాగా వేడెక్కించి ఆపండి. నాలుగు నాజిళ్లూ తీయండి, ఎయిర్ ఫిల్టర్ తీయండి. పంపు స్టాప్ సోలనాయిడ్ తీగ పీకి డీజిల్ రాకుండా చేయండి, లేకపోతే విప్పిన పైపుల్లోంచి వేడి ఇంజన్ మీద డీజిల్ చిమ్ముతుంది. ఒక్కో సిలిండర్‌కి సెల్ఫ్ కొట్టి 6 కంప్రెషన్లు లెక్కపెట్టండి. రెండు అంకెలు రాయాలి: మొదటి దెబ్బకు ముల్లు ఎంత ఎక్కింది, చివరికి ఎక్కడ ఆగింది. చివరి అంకె ఒక్కటే రాసుకుంటే సగం సమాచారం పోయినట్టే. మొదట తక్కువ ఎక్కి, ఒక్కో దెబ్బకూ మెట్లుమెట్లుగా పెరుగుతూ వెళ్తే రింగుల అనుమానం. మొదటే తక్కువ ఉండి, తర్వాతా పెద్దగా కదలకపోతే వాల్వు లేదా హెడ్ గాస్కెట్ (హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీల్).

ఈ తరహా డీజిళ్లలో మంచి సిలిండర్ మామూలుగా 350 నుంచి 450 పీఎస్‌ఐ మధ్య చూపిస్తుంది. 300 దిగితే పొద్దుటి స్టార్టింగ్ కష్టమవుతుంది, ధనుర్మాసంలో మరీను. మీ ఇంజన్‌కి ఖచ్చితమైన కనీసం ఎంతో పుస్తకంలో చూడండి. నేనైతే అంకెకన్నా తేడాకే ఎక్కువ విలువిస్తాను. గేజ్‌లు అబద్ధమాడతాయి, కానీ నాలుగు సిలిండర్లకూ ఒకే అబద్ధం చెబుతాయి. ఉదాహరణకు 380, 370, 240, 375 వస్తే మూడో సిలిండర్ ఒక్కటే, అది దాదాపు వాల్వే. 375, 230, 235, 380 వస్తే పక్కపక్కనున్న రెండు పడ్డాయి, వాటి మధ్య హెడ్ గాస్కెట్ కాలింది లేదా హెడ్ వంగింది. 285, 280, 290, 285 అని అన్నీ కలిసి తగ్గితే అప్పుడు బోరు, రింగుల మాట ఎత్తొచ్చు. అదీ బ్యాటరీ, టైమింగ్ గేర్ల గుర్తులు సరిగా ఉన్నాయని చూసుకున్నాకే. క్యామ్ ఒక పన్ను తప్పినా అన్ని సిలిండర్లూ ఒకేలా తక్కువ చూపిస్తాయి.

ఇక్కడ ఒక అలవాటు గురించి చెప్పాలి. కంప్రెషన్ తక్కువ రాగానే రంధ్రంలోంచి ఆయిల్ పోసి మళ్లీ చూడటం పెట్రోలు ఇంజన్ల నుంచి వచ్చిన పద్ధతి. డీఐ డీజిల్‌లో పిస్టన్ నెత్తిన గిన్నెలాంటి గుంట ఉంటుంది, పోసిన ఆయిల్ అందులోనే నిలుస్తుంది, రింగుల దాకా సరిగా పోదు. పైగా ఆ 37 సీసీ ఖాళీలో 10 మిల్లీలీటర్ల ఆయిల్ కూర్చుంటే నిష్పత్తి 24 దాటిపోతుంది, ఏ లోపమూ సరికాకుండానే అంకె పెరుగుతుంది. అది చూసి “రింగులే” అని తేల్చేస్తారు. ఎక్కువ పోస్తే కనెక్టింగ్ రాడ్డే వంగొచ్చు.

దానికి బదులు గాలి పట్టించండి. అనుమానం ఉన్న సిలిండర్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో సరిగ్గా టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటు) తెచ్చి, బండిని టాప్ గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డాలు పెట్టండి. టీడీసీకి కాస్త అటూఇటూ ఉన్నా గాలికి ఇంజన్ తిరుగుతుంది, అందుకే ఫ్యాను, బెల్టు దగ్గర ఎవరూ చెయ్యి పెట్టకూడదు. నాజిల్ రంధ్రంలోని అడాప్టర్‌లో ఆ చిన్న వాల్వు తీసేసి, టైరు షాపు కంప్రెసర్ నుంచి 5 నుంచి 6 బార్ గాలి ఇవ్వండి. ఇప్పుడు వినడమే పని. ఎయిర్ ఫిల్టర్ గొట్టంలో బుస వస్తే ఇన్లెట్ వాల్వు. సైలెన్సర్ చివర వస్తే ఎగ్జాస్ట్ వాల్వు. రేడియేటర్‌లో బుడగలొస్తే గాస్కెట్ లేదా హెడ్ క్రాక్. పక్క సిలిండర్ రంధ్రంలోంచి వస్తే రెండిటి మధ్య గాస్కెట్. ఆయిల్ మూత దగ్గర కొంచెం బుస ప్రతి ఇంజన్‌కీ ఉంటుంది, రింగుకు సందు ఉంటుంది కాబట్టి. అది గాలి దెబ్బలా వస్తేనే బోరు. మంచి సిలిండర్ ఒకదానికి కూడా ఇదే చేసి పోల్చుకుంటే చెవికి తేడా తెలుస్తుంది.

గేజ్‌లో తక్కువ చూపించి, గాలి పడితే ఎక్కడా లీకు లేకపోతే? అప్పుడు రాడ్డు వంగి పిస్టన్ పూర్తిగా పైకి రావడం లేదు, లేదా పుష్ రాడ్ వంగి, క్యామ్ అరిగి వాల్వు సరిగా తెరుచుకోక లోపలికి గాలే అందడం లేదు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు మునిగిన బండ్లలో ఈ అనుమానం తప్పకుండా పెట్టుకోవాలి. నీళ్లు లోపలుండగా సెల్ఫ్ కొట్టిన ఇంజన్‌లో రాడ్డు కాస్త వంగినా బండి నడుస్తూనే ఉంటుంది. మీరు సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి అయితే ఈ సంగతి అమ్మినవాళ్లను అడగండి. హెడ్ తీశాక నాలుగు పిస్టన్లనూ టీడీసీకి తెచ్చి డెప్త్ గేజ్‌తో ఎత్తు కొలిస్తే దాచేదేం ఉండదు.

మీ మెకానిక్ ఆయిల్ మూత దగ్గర చూసిన పొగ సంగతి. ఆల్టర్నేటర్ వెనక ఉన్న వ్యాక్యూమ్ పంపు తను పీల్చిన గాలిని ఆయిల్‌తోపాటు సంపులోకే (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) వదులుతుంది. బ్రేక్ బూస్టర్ గొట్టం చిట్లినా, బూస్టర్ డయాఫ్రమ్ పోయినా ఆ పంపు ఆగకుండా బయటి గాలిని సంపులోకి తోస్తుంది, ఆయిల్ మూత దగ్గర అచ్చం బోరు పోయిన ఇంజన్‌లాగే ఊదుతుంది. ఇంజన్ ఆపి వ్యాక్యూమ్ గొట్టాన్ని పంపు దగ్గర తీసి, పంపు వైపు మూసేసి, మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. ఊదడం తగ్గితే దోషం ఇంజన్‌ది కాదు. బండి కదపకుండానే చేయాలి, అప్పుడు బ్రేక్ బూస్టర్ పనిచేయదు.

లోపం వాల్వుల్లోనే అని తేలితే హెడ్ ఒక్కటి దిగితే చాలు. లేత్ షాపులో వాల్వు గ్రైండింగ్, సీటు కటింగ్ అయ్యాక స్ప్రింగులు బిగించి, హెడ్‌ను పక్కకు పడుకోబెట్టి పోర్టుల్లో కిరసనాయిలు పోయించండి. 10 నిమిషాల్లో వాల్వు ముఖం మీద తడి రాకూడదు. గైడ్‌లో (వాల్వు కాడ కదిలే గొట్టం) వాల్వు ఊగుతుంటే గైడ్ మార్చకుండా సీటింగ్ చేయించడం దండగ, నెలల్లో మళ్లీ మొదటికే వస్తుంది. ఫేసింగ్ (హెడ్ అడుగు భాగాన్ని చదును చేయడం) అవసరమైతేనే చేయించాలి. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫిల్లర్ గేజ్‌తో చూడాలి, పొడవునా 0.10 ఎంఎం దూరితే ఫేసింగ్ కావాలి. ఫేసింగ్ చేశాక వాల్వులు ఎంత లోతున కూర్చున్నాయో, నాజిల్ కొన ఎంత బయటికి వచ్చిందో కొలిపించండి. అవి మారితే స్ప్రే పిస్టన్ గుంటలో పడాల్సిన చోట పడదు, కొత్త హెడ్ పనితో కొత్త పొగ మొదలవుతుంది. బోల్టులు టార్క్ రెంచ్‌తో మధ్యలోంచి బయటికి, విడతలవారీగా బిగించాలి.

నిజంగా బోరే అయితే “రింగులు వేసి సర్దేద్దాం” అనే బేరానికి ఒప్పుకునే ముందు డయల్ గేజ్‌తో బోరు పైన, మధ్య, కింద, రెండు దిక్కుల్లో కొలిపించండి. 88.9 ఎంఎం బోరు పైకీ కిందికీ 0.15 ఎంఎం తేడా దాటితే కొత్త రింగు అందులో నిలవదు. కొత్త రింగు నోటి సందు బోరులో ప్రతి అంగుళానికి 3 నుంచి 4 థౌ, అంటే మీ మూడున్నర అంగుళాల బోరుకు 10 నుంచి 14 థౌ. హానింగ్ (బోరు గోడను రాతితో సన్నగా గీయడం) అయ్యాక బోరును డీజిల్‌తో కడిగితే రాతి పొడి గీతల్లోనే ఉండిపోతుంది. వేడి సబ్బు నీళ్లతో, బ్రష్‌తో, తెల్ల గుడ్డకు మసి అంటకుండా పోయేదాకా కడిగి వెంటనే ఆయిల్ రాయాలి.

బోరు ఎందుకు అరిగిందో చూడకుండా కొత్తది వేస్తే డబ్బు దుమ్ములో పోసినట్టే. ఎయిర్ ఫిల్టర్ తర్వాత ఇంజన్ వైపు ఉన్న గొట్టం లోపల తెల్ల గుడ్డతో తుడవండి. దుమ్ము అంటితే ఫిల్టర్ సీలో, గొట్టం క్లిప్పో వదిలేసింది. యార్డు దుమ్ము, క్వారీ రోడ్లు తిరిగే బండ్లలో చాలాసార్లు అసలు దోషి ఇదే.

పెట్రోలు, సీఎన్‌జీ చిన్న బండ్లకు క్రమం వేరు. అక్కడ ప్లగ్గు, కాయిల్ ముందు, కంప్రెషన్ తర్వాత. మామూలు అంకె 150 నుంచి 180 పీఎస్‌ఐ మధ్య, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి చూడాలి. సీఎన్‌జీ మీద ఎక్కువ తిరిగితే ఎగ్జాస్ట్ సీట్లు తొందరగా దిగుతాయి, ట్యాపెట్ సందు మీద కన్నుంచాలి.

మీ బండికి నేను చెప్పే వరస: రేపు పొద్దున చల్లటి ఇంజన్ మీద బ్యాటరీ వోల్టేజ్, తర్వాత యూనియన్ నట్ పరీక్ష, ట్యాపెట్ సందులు, వ్యాక్యూమ్ గొట్టం. ఇవి ఒక పూటలో అయిపోతాయి, విడిభాగాల ఖర్చు దాదాపు లేదు. ఆ తర్వాతే గేజ్, గాలి. నాలుగు సిలిండర్లకూ రెండేసి అంకెలు, బుస ఎక్కడినుంచి వచ్చిందో ఇక్కడ రాయండి, ఏం విప్పాలో దాన్నిబట్టి చెప్పొచ్చు. ఏ పని చేయించినా బిల్లు కట్టే ముందు అదే గేజ్, అదే బ్యాటరీతో మళ్లీ కంప్రెషన్ చూపించమనండి. హెడ్ పని అయ్యాక నాలుగిటి మధ్య తేడా 30 పీఎస్‌ఐ లోపు రాకపోతే మిగతా డబ్బు మీ జేబులోనే ఉంచుకోండి.